ముసలి ఎద్దు మీద తీర్పు

నాది పెంచి చెప్పే నోరు. దోమను చూసినా గద్ద అంటాను. కాబట్టి ఇందులో జనాన్ని, ఎండను, నా హోదాను మీరే సగానికి తగ్గించుకుని చదవండి.

లాక్‌డౌన్లు ముగిసిన తర్వాతి వేసవిలో నన్ను నరసరావుపేటలో జిల్లా పోటీకి ముఖ్య జడ్జిగా వేశారు. నల్లకోటు జడ్జిని కాను. బొమ్మల కార్డులు కొని, మార్చుకుని, ఆడుకునే ఆటకు జడ్జిని. మెడలో ట్యాగు, చేతిలో నిబంధనల పుస్తకం. నన్ను చూస్తే కలెక్టరైనా లేచి నిలబడాల్సిందేనని నా అభిప్రాయం.

ఈ ఉద్యోగంలో సగం పని పాత మాటలకు కొత్త అర్థం చెప్పడమే. మొదట్లో ఓడిన కార్డు ఏదైనా 'ఇంటికి' పోయేది. తర్వాత కంపెనీ ఆ మాటను తీసేసి రెండు పెట్టింది. 'విశ్రాంతి' అంటే కార్డు మళ్లీ రావచ్చు. 'తొలగింపు' అంటే ఆ ఆటకు ఇక రాదు. పాత కార్డు మీద 'ఇంటికి' అని అచ్చయి ఉంటే 'విశ్రాంతికి' అని చదువుకోవాలి.

పేటలో ఎవరూ అలా చదువుకోలేదు. ఆదివారాలు బైకు మెకానిక్ మస్తాన్ షెడ్డులో ఆడేవాళ్లం. తన కార్డు ఓడితే మస్తాన్ దాన్ని నిమిరి, "ఇంటికి పో నాయనా, గోంగూర కలిపి పెట్టారు" అనేవాడు. షెడ్డు రేకులు లేచిపోయేట్టు నవ్వేవాళ్లం.

ఆ పోటీ ఫైనల్లో మస్తాన్‌కు ఎదురుగా గురజాల కాలేజీ అమ్మాయి జ్యోతి కూర్చుంది. గెలిచినవాళ్లు విజయవాడలో రాష్ట్ర పోటీకి పోతారు. మరుసటి సీజన్ నుంచి పాత కార్డులు చెల్లవు కనుక మస్తాన్‌కు అదే ఆఖరి అవకాశం. జనం శావల్యాపురం దాకా బారులు తీరారు. రోళ్లు పగిలే ఎండలో కూలరు తుంపరకు ఎత్తిపోతల జలపాతం కింద కూర్చున్నట్టుంది.

మస్తాన్ తన ముసలి ఎద్దు కార్డును దించాడు. 'ఇంటికి పంపినా ఒకసారి తిరిగి వస్తుంది' అని దాని మీద ఉంది. జ్యోతి పిడుగు కార్డు వేసింది. దాని మీద 'తొలగించు' అని ఉంది. మస్తాన్ ఎద్దును పక్కన పెట్టి, మళ్లీ తీయబోయాడు.

"బాబాయ్, అది రాదు. తొలగించాగా."

"ఏంది రానిది? ఎద్దుకు దారి తెలవదా?"

జనం నవ్వారు. జ్యోతి చెయ్యెత్తి జడ్జిని పిలిచింది. మస్తాన్ నాకేసి చూశాడు.

"అన్నా, నేనిది కొన్ననాడు ఓడిన కార్డు పోయేది ఒక్క ఇంటికేగా. ఇంకో చోటు యాడుంది?"

లేదు, నిజమే. కానీ పోటీలో తాజా పుస్తకమే చెల్లుతుంది. ఎద్దు తిరిగి రాదని తీర్పు చెప్పాను. మరి కాసేపటికి ఆట జ్యోతిదైంది. మస్తాన్ లేచి, "పల్నాడు పరువు నిలబెట్టమ్మా" అని ఆమెతో అన్నాడు. నా భుజం తట్టి, "ఆదివారం షెడ్డు కాడికి రా అన్నా" అని వెళ్లాడు.

తర్వాత నేను ట్యాగు విప్పి రిటైరయ్యాను. ఇప్పుడు 'విశ్రాంతి' అన్న మాట కూడా మారిందట. ఆ తీర్పు ఈనాటికీ సరైనదే. నేను నేర్చుకున్నది ఇది: మాట మార్చినప్పుడు పుస్తకంలో అచ్చేస్తే చాలదు, పాత మాటతో ఆడేవాళ్ల బల్ల దగ్గరికి పోయి చెప్పాలి.

జనం నిజానికి ఒక బల్ల చుట్టూ పట్టేంతమందే. అది పెంచడం. కల్పించింది ఒక్కటే, ఆ భుజం తట్టి పిలవడం: మస్తాన్ నన్ను ఆదివారం రమ్మనలేదు. ఎద్దును చొక్కా జేబులో పెట్టుకుని, నాతో మాట్లాడకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం నేను షెడ్డు దాకా పోయిన మాట మాత్రం నిజం. రేకు తలుపు వేసి ఉంది.