వదులు ముడి

ఇందులో ప్రతి అక్షరం నిజమని పోచంపల్లిలోని మా ఇంటి మగ్గం మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తున్నాను.

నిరుడు నా బండి వెనక కూర్చున్న మా పదిహేనేళ్ల కూతురు స్వప్న కిందపడి తలకు దెబ్బ తగిలించుకుంది. దవాఖానలో కళ్లు తెరిచి, "ఎవలు కాకా నువ్వు?" అని నన్నే అడిగింది. డాక్టరు ఓపిక పట్టమన్నాడు.

ఇంటికి తెచ్చాక తన ముందే కూర్చుని, రంగు అంటకూడని చోట పట్టు పోగులకు రబ్బరు చుట్టి, కావాలనే ముడి వదులుగా వేశాను. మగ్గం ఇంట్లో పుట్టిన పిల్ల అది చూసి ఊరుకోలేదు. నా చెయ్యి నెట్టేసి, "గట్ల కడితే రంగు లోపటికి పోతది బాపూ, జర జరుగు!" అంటూ తనే బిగించింది.

నేను కల్పించింది ఒక్క మాటే, 'బాపూ'. ఆ రోజు కూడా 'కాకా' అనే అంది. మళ్లీ బాపు కావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ముడులు వదులుగానే వేశాను.