చెక్‌పోస్టు దాటని పెట్ట

నా రెండో కాన్పు కర్ణాటకలో, మా క్యాంపులోనే జరిగింది. క్యాంపంటే గుంటూరు, ప్రకాశం వైపు నుంచి వెళ్ళి కాలవ కింద వరి వేసుకునేవాళ్ళ ఊరు. పథ్యం తిని తిని నోరు చచ్చిపోయి, ఒకరోజు ఫోన్లో "చూడ్డానికొచ్చేటప్పుడు మన నాటుపెట్టనొకదాన్ని పట్రామ్మా" అన్నాను. ఇక్కడ కోళ్ళు దొరకవా అంటే దొరుకుతాయి. బాలింతకి పుట్టింటి కోడి రావాలని మావాళ్ళ పట్టింపు, నాకేమో నాలుక పట్టింపు.

అది బర్డ్‌ఫ్లూ భయం పట్టుకున్న ఏడాది. కోడి సరిహద్దు దాటాలంటే పశువుల డాక్టరు చూసి జబ్బు లేదని రాసివ్వాలి, గంపకి మందు కొట్టాలి. అమ్మ పర్చూరు వెళ్ళి అన్నీ చేయించింది. మా అమ్మకి పని అప్పజెబితే వంక పెట్టడానికుండదు. అంతా అయ్యాక, బస్సులో కోడికి గాలి కొడుతుందని గంప చుట్టూ గోతం కప్పి కుట్టింది. మిరపకాయల గోతం. కళ్ళం రోజుల్లో మా ఇళ్ళల్లో వేరే గోతాలెక్కడుంటాయి?

చెక్‌పోస్టులో గంప విప్పేసరికి పెట్ట కళ్ళవెంట నీళ్ళు, ఒకటే తుమ్ములు. "కాగితం బానే ఉందమ్మా, కోడే బాలేదు" అన్నాడట అక్కడాయన, వచ్చీరాని తెలుగులో. అమ్మ చూస్తుండగానే దాన్ని చంపి, గోతిలో వేసి, సున్నం పోశారు. అమ్మ చేతులకీ చెప్పులకీ మందునీళ్ళు పోసి, కొన్నాళ్ళు పసిపిల్లల జోలికి వెళ్ళొద్దని చెప్పి పంపారు.

వరండాలో కూచుని అమ్మ ఇదంతా చెబుతుంటే మా ఆయన పకపకా నవ్వాడు. "అది మిరపకాయ ఘాటు అత్తయ్యా! జబ్బూ లేదు, గిబ్బూ లేదు." నాకూ నవ్వొచ్చింది. కళ్ళంలో తుమ్ముతూ పెరిగినదాన్ని, నాకు తెలీదా? అమ్మ కూడా నవ్వి, కొంగుతో చేతులు తుడుచుకుని, పిల్లాడి కోసం చాపింది.

నేను వాణ్ణి గుండెకి హత్తుకుని ఒకడుగు వెనక్కేశాను.

ఘాటేనని తెలుసు. అయినా టీవీలో చూపించిన గోతులూ, తెల్ల ముసుగులూ కళ్ళముందు మెదిలాయి. "వాళ్ళు చెప్పారుగా అమ్మా" అన్నాను. అమ్మ చేతులు దించేసి, "నిజమేలే, పసిగుడ్డు" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అలాగని పిల్లాణ్ణిచ్చానా, ఇవ్వలేదు.

ఉన్నన్నాళ్ళూ అమ్మ వరండాలోనే పడుకుంది. నాకు వండిపెట్టింది, నా గుడ్డలుతికింది. ఆ చేతులతో కలిపిచ్చిన అన్నం నేను తిన్నాను. ఆ చేతులకి పిల్లాణ్ణి మాత్రం ఇవ్వలేకపోయాను. నా ప్రాణానికి లేని భయం వాడి విషయంలో ఎక్కణ్ణుంచొచ్చిందో!

కళ్ళంలో కాయలు వదిలేసొచ్చింది కదా, ఎక్కువ ఉండలేదు. వెళ్ళే పొద్దున గుమ్మం అవతల నిలబడి, "అరికాళ్ళు ఒక్కసారి ముట్టుకుంటానే" అంది.

"ఇంకోసారొచ్చినప్పుడు ఎత్తుకుందువుగానిలేమ్మా" అన్నాను.

సరేనని తలూపి, వాడివైపే చూస్తూ, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.