అమ్మమ్మను పెట్టెలో ఎక్కించుకుని కొండ దాటిన వేసవి

మా హాస్టల్ వంటగదిలో సాయంత్రంపూట రైస్ కుక్కర్ మూత కదిలి తొలి ఆవిరి బయటికి వచ్చిందంటే, పక్కన పాస్తా ఉడకబెట్టుకుంటున్నవాళ్లకి అది ఉత్త అన్నం వాసన. నాకు మాత్రం అందులో తడిసిన డేరా గుడ్డ, సైకిల్ చెయిన్‌కి రాసే నూనె, వాన వెలిసిన పైన్ అడవి, అమ్మమ్మ కొంగుకి ఎప్పుడూ అంటుకుని ఉండే నీలగిరి తైలం అన్నీ కలిసి వస్తాయి. లోకమంతా తలుపులు వేసుకుని కూర్చున్న ఏడాది, పన్నెండేళ్ల వయసులో, నేను జర్మనీలో ష్వైన్‌ఫర్ట్ నుంచి మాగ్డెబర్గ్ దాకా కరెంటు సైకిల్ తొక్కాను. ఈ మాట ఎవరికైనా చెప్పే అవకాశం వస్తే ఇప్పటికీ వదులుకోను.

ఆ చలికాలం చివర్లో అమ్మకి పురుడు పోయడానికి అమ్మమ్మ భీమవరం నుంచి వచ్చింది. తమ్ముడు పుట్టాడు, విమానాలు ఆగిపోయాయి, అమ్మమ్మ మాతోనే ఉండిపోయింది. చింతకాయ దొరక్క పుల్లటి రబార్బర్ కాడలతో పప్పు వండింది, బాల్కనీలో పాత దుప్పటి మీద వడియాలు పెట్టి పక్కింటి జర్మన్ ముసలాయన్ని ఆశ్చర్యపరిచింది. ఆదివారం ప్రార్థన ఫోన్‌లోనే వస్తున్నా పట్టుచీర కట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని, ఫోన్ ఎదురుగా బుద్ధిగా కూర్చునేది. బడి లేక, స్నేహితురాళ్లు లేక నేను మా పెరటి గచ్చు మీద అమ్మ కరెంటు సైకిల్‌తో గుండ్రంగా తిరుగుతూ ఉంటే, ఆమె కిటికీలోంచి తల తిరుగుతోంది ఆపవే అని మొత్తుకునేది.

ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. అమ్మమ్మ పాతకాలపు మనిషి, అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. నాన్న కూడా అత్తగారి మర్యాద తప్పేవాడు కాదు. ఇద్దరూ ఒకే గదిలో అడుగు దూరంలో ఉండి కూడా "మీ నాన్నగారికి ఇంకో గరిటె పప్పు వెయ్యనా అడుగు" అని ఆవిడా, "చాలని చెప్పమ్మలూ" అని ఆయనా అంటుంటే, ఇద్దరికీ వినపడిన మాటల్నే నేను మళ్లీ మోసేదాన్ని.

ఆగస్టులో మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, మాగ్డెబర్గ్‌లో చదువుకుంటున్నవాడు, ట్రామ్ పట్టాల్లో సైకిల్ చక్రం ఇరుక్కుని పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే అమ్మమ్మకి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తిరుగు విమానంలో సీటు దొరికింది. కొడుకుని చూసి రెండేళ్లు దాటింది. మామయ్య కదల్లేడు. అమ్మమ్మకి ఉబ్బసం ఉంది కాబట్టి, విమానం ఎలాగూ తప్పకపోయినా, రైళ్లు మాత్రం వద్దని డాక్టరు చెప్పారు. ఆ రోజుల్లో వేరే ఇంటివాళ్ల కారులో ఎక్కమని ఎవరూ అనరు, ఎవరూ ఎక్కరు. మాకు కారు లేదు, నాన్న డ్రైవింగ్ పరీక్షకి దొరికిన టెర్మిన్, అంటే తేదీ, లాక్‌డౌన్‌లో కొట్టుకుపోయింది. అమ్మమ్మ ఏమీ అడగలేదు. కానీ పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోవడం మొదలుపెట్టింది. మూడోసారి చప్పిడి పప్పు తిన్న రోజు నాన్న చెయ్యి కడుక్కుంటూ, "మీ అమ్మమ్మగారిని లాస్టెన్‌రాడ్‌లో కూర్చుంటారా అడుగమ్మలూ," అన్నాడు.

లాస్టెన్‌రాడ్ అంటే ముందువైపు పెద్ద చెక్కపెట్టె ఉండే కరెంటు సైకిల్. సామాన్లకీ, తమ్ముడు కాస్త పెరిగాక వాణ్ణి తిప్పడానికీ కొన్నది. అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోని మనిషి అల్లుడి ముందే, ఆయన కాళ్లు తొక్కుతుంటే, దొరసానిలా కూర్చుని ఊళ్లు దాటాలి. అమ్మమ్మ ఆ రాత్రంతా ఆలోచించినట్టుంది. తెల్లారేసరికి మామయ్యకి సున్నుండలు చుడుతోంది.

పెట్టెలో అడుగున పరుపు, పైన అమ్మమ్మ, ఆమె ఒళ్లో సున్నుండల డబ్బా, కాళ్ల దగ్గర ఆవకాయ జాడీ, అది లేకపోతే నాన్న బతకలేని రైస్ కుక్కర్. వెనక కారియర్ మీద డేరా. నేను అమ్మ సైకిల్ మీద. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడితే, అమ్మమ్మ హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసి, "పోనిమ్మను," అంది నాతో. అలా బయల్దేరాం. గోధుమ కోసేసిన పొలాల మధ్య మోటారు సన్నగా పాడుతుంటే, రోడ్డుపక్క చెట్ల నుంచి రాలిన రేగుపళ్లంత పసుపుపచ్చటి మిరబెల్లె పళ్లు ఏరుకుని తింటూ, దిగుడొస్తే కాళ్లు రెండూ గాల్లోకి చాపి అరుస్తూ, ఎదురుపడిన జర్మన్లంతా పెట్టెలో చీర కట్టుకున్న రాణిగారిని చూసి బెల్లు కొడుతుంటే, ఆ నెలల్లో ఇంట్లో బిగుసుకుపోయిన ఊపిరంతా నాకు ఒక్కసారి వదులైంది. నా ఉద్యోగం మాత్రం తప్పలేదు.

"మీ నాన్నగారితో చెప్పవే, దిగుడులో కాస్త నెమ్మదిగా పోనిమ్మని."

"నాన్నా, లాంగ్‌జామ్," అని నేను పక్కనుంచి కేక వేసేదాన్ని. అప్పటికే నాన్న బ్రేకు నొక్కి ఉండేవాడు.

మా దారికి అడ్డంగా థ్యురింగియా అడవి కొండ ఉంది. చుట్టూ తిరిగి వెళితే విమానం రోజుకి వెనక్కి రాలేం. కొండ కింద ఒక క్యాంపింగ్ మైదానంలో ఆగాం. అక్కడ మా డేరాకి ఒకే ప్లగ్గు. ముందు నా బ్యాటరీ నిండింది, తరువాత నాన్న పెద్ద సైకిల్‌ది పెట్టాడు. కాసేపటికి ఆకలేసి, దాన్ని పీకి రైస్ కుక్కర్ పెట్టాడు. కొండెక్కేటప్పుడు పెరుగన్నం ఉండాలిగా అని రేపటికి కూడా వండి, వేడన్నంలో ఆవకాయ కలుపుకుని నాన్నా నేనూ కడుపు పగిలేలా తిని పడుకున్నాం. చార్జరు మళ్లీ పెట్టలేదు. ఇంత పొరపాటు మనవాళ్లే చెయ్యగలరు. పొద్దున బ్యాటరీ సగం కూడా లేదు, నాన్న దాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ నింపేంత వ్యవధి లేక డేరా మడిచాడు.

కొండ సగంలో పెద్ద సైకిల్ ఆగిపోయింది. వాన వెలిసిన అడవి, కిందా పైనా మనిషి లేడు. అమ్మమ్మ దిగి నాలుగడుగులు వేసిందో లేదో ఆయాసం వచ్చి పెట్టె అంచు పట్టుకుంది. వెనక్కి దిగిపోతే ఇక మామయ్యని చూడటం లేదని ఆమెకి తెలుసు. ఆమె ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. రెండు సైకిళ్లూ ఒకే దుకాణంలో కొన్నవి, బ్యాటరీలూ ఒకటే రకం.

"నాది పెట్టుకో నాన్నా," అన్నాను. "నేను నెట్టుకుంటూ వచ్చేస్తా. ఇష్ షాఫ్ దాస్, నా వల్లవుతుంది."

బ్యాటరీ పనిచేయని కరెంటు సైకిల్ ఎంత బరువో నెట్టినవాళ్లకే తెలుసు. కాసేపు తొక్కాను, కాసేపు నెట్టాను, మెడ విరిగేలా పైకి చూస్తే ఇంకో మలుపు, దాని పైన ఇంకో మలుపు. వాళ్లు మెల్లగా కనుమరుగయ్యారు. పై నుంచి నాన్న "అమ్మలూ" అని పిలిచాడు, "వస్తున్నా" అని అరిచాను, మళ్లీ నెట్టాను. చెమటకి కళ్లు మండుతున్నాయి, అయినా లోపలెక్కడో గెలుస్తున్నానని తెలుస్తూనే ఉంది.

ఆఖరి మలుపు దగ్గర మాటలు వినపడ్డాయి. శిఖరం మీద చెక్క బెంచీ. దాని ఒక చివర అమ్మమ్మ, ఇంకో చివర నాన్న, మధ్యలో పెరుగన్నం డబ్బా.

"చార్జరు పీకేశారని నాకు రాత్రే తెలుసు బాబూ. పిల్ల నిద్రపోయింది, ఎవరిచేత చెప్పించను?"

"ఒక్క కేక వేస్తే లేచేవాణ్ణి కదండీ అత్తయ్యగారూ."

"ఇకనించి వేస్తాలెండి."

నేను వెనకబడిపోయి కనపడకపోయేసరికి, కబురు మోసేవాళ్లు లేక, "అల్లుడుగారూ, ఆపండి, పిల్ల రాలేదు" అని ఆమె మొదటిసారి నేరుగా అన్నదట. సైకిల్ పడేసి నేను గడ్డిలో వెల్లకిలా పడుకుంటే, అమ్మమ్మ తన చేత్తో నా నోట్లో ముద్ద పెట్టింది. ఆ రోజు నేను రాణిని.

తరువాతంతా దిగుడే, తరువాత నదుల వెంట చదును. మాగ్డెబర్గ్‌లో హాస్టల్ మెట్ల దగ్గర మామయ్య చంకకర్రల మీద నిలబడి, వీధి మలుపులో పెట్టెను చూసి నోరు తెరిచాడు. అమ్మమ్మ దిగి, కొడుకు ముఖం కాదు, ముందు ఆ కట్టు కట్టిన కాలు తడిమింది.

"ఎలా వచ్చావమ్మా?"

"మా అల్లుడుగారు తొక్కుకుంటూ తెచ్చారురా. నా మనవరాలు కొండ దాటించింది," అంది, వీధంతా వినపడేలా.

ఇప్పుడు నాన్నకి లైసెన్సు ఉంది, కారు ఉంది. ఆ కొండ కింద నుంచి వెళ్లే సొరంగంలో రెండు పాటలు వినేలోపు అవతల తేలతాం. లాస్టెన్‌రాడ్ అమ్మేశాం. పోయిన వేసవిలో అమ్మమ్మ మళ్లీ వచ్చింది. ముందు సీట్లో నాన్న పక్కన కూర్చుని, "బాబూ, ఆ లారీని దాటకండి," అనీ, "మీకు ఆకలేస్తే ఆపండి," అనీ దారంతా ఆయన చెవి తినేసింది. ఆయన నవ్వుతూ ప్రతిదానికీ జవాబు చెప్పాడు. వెనక సీట్లో తమ్ముడి పక్కన కూర్చుని నేను చాలాసేపు ఎదురుచూశాను. ఎవరూ నన్ను ఎవరికీ ఏమీ చెప్పమనలేదు.