పన్నెండో మంచం చప్పుడు

టిక్. కాస్త ఆగి, మళ్ళీ టిక్. ఆసుపత్రి మెట్ల కింద, సగం మూసిన తలుపు వెనకనుంచి వచ్చేది ఆ చప్పుడు. ఎవరో కుళాయి సరిగా కట్టలేదనుకున్నాను. తలుపు తోస్తే నీళ్ళు లేవు. చలిగాలి, గుత్తులు గుత్తులుగా తీగలు, ఒక నల్లటి తెర, దాని ముందు వంగిన తెల్లటి తల.

నర్సులందరికీ ఆయన తీగల బాబాయి. ఆసుపత్రిలోని యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేదంతా ఆ తెర మీద, తిరగబడ్డ వానలా, వరుసలు వరుసలుగా పైకి పోతుంటుంది. ఆయన మౌసు ముట్టడు. రెండు ముక్కలు టైపు చేస్తే వాన వెలిసి, తనకు కావలసిన ఒక్క చినుకే మిగులుతుంది.

"అంతా పొట్లాలు కట్టి పంపుతాయి బాబూ. ఎక్కడ బయల్దేరింది, ఎక్కడికి పోతోంది, ఎంత బరువు, అంతవరకే నేను చూసేది. విప్పి చూడటం నా పని కాదు."

ఆయన భార్యకు అది వేళాకోళం. "ఊళ్ళో వాళ్ళందరి మాటలూ ఈయన ముందునుంచే పోతాయమ్మా. ఒక్కటీ చెవికెక్కదు. నా మాటలూ అంతే," అనేదట నర్సులతో. మూడో అంతస్తు, పన్నెండో మంచం మీద, గుండెకు తీగలు అంటించుకుని కూడా అదే మాట.

ఆమె అక్కడుండగానే ఒక మధ్యాహ్నం ల్యాబు ఫలితాలు వార్డులకు అందడం ఆగిపోయింది. ఆయన్ని కిందికి పిలిచారు.

"వెళ్ళి రండి. నేనెక్కడికి పోతాను," అందామె.

హడావిడిలో ఫోను ఆమె దిండు పక్కనే మరిచిపోయాడు. తీగలన్నీ కలిసే పెట్టెల్లో ఒకదానికి, ఎవరో ఒకే తీగ రెండు కొసల్నీ గుచ్చారు. పొట్లాలు గానుగెద్దుల్లా అక్కడక్కడే తిరుగుతున్నాయి. అరగంటలో పట్టుకుని పీకేశాడు. పైకి వెళ్ళవచ్చు. మళ్ళీ ఆగిపోతే ఎలా అని కూర్చుండిపోయాడు. ఆమె మంచం యంత్రం పంపే వరుసను ఒక్కదాన్నే తెర మీద ఉంచి, ఒక్కో పొట్లానికి ఒక్కో టిక్ వినబడేలా పెట్టుకున్నాడు. రెండు సెకన్లకు ఒకటి. అదే బరువు, అదే తీరు. ఆ చప్పుడు వింటూ మిగతా పెట్టెలు చూసుకున్నాడు. పక్కన ఆమె కూర్చున్నట్టే ఉందట.

చిన్న నర్సు మెట్లు దిగి వచ్చింది.

"బాబాయ్, ఫోను చేస్తే పిన్ని దగ్గరే మోగుతోంది. పైకి రండి."

"వస్తాలేమ్మా. అంతా బాగానే ఉందిగా," అని తెర చూపించాడు.

ఆ పిల్ల తెర వైపు చూడలేదు. "పిన్ని పోయి ఇరవై నిమిషాలైంది బాబాయ్. యంత్రం ఇంకా తీయలేదు."

టిక్, అంది గది.

గుండె కొట్టుకున్నా గీత, కొట్టుకోకున్నా గీత. ఏ గీతనైనా అంతే బరువు పొట్లంలో కట్టి పంపుతుంది యంత్రం. ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన సంగతే అది. ఆ ఇరవై నిమిషాల్లో మాత్రం గుర్తు రాలేదు.

ఆ చప్పుడు తీసేద్దామనుకుంటే చెయ్యి రాలేదట. ఇప్పుడు ఆ మంచం మీద ఎవరో ముసలాయన ఉన్నాడు. గంటకోసారి కుర్చీ వెనక్కి నెట్టి, మోకాళ్ళు పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి, ఆయన మొహం చూసి దిగి వస్తాడు తీగల బాబాయి. ముసలాయన కొడుకులకు ఈయనెవరో తెలియదు. నమస్కారం పెడతారు.

మూడో రోజు కూడా నేను అక్కడే, తలుపు పక్క స్టూలు మీద కూర్చున్నాను. టైపు చేస్తూ చేస్తూ ఆగి, నా వైపు తిరిగాడు.

"పైన మీ అమ్మ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. యంత్రం పెట్టారు. పర్వాలేదన్నారు."

గది రెండుసార్లు టిక్కుమంది.

"లే బాబూ," అన్నాడు. "ముందు పైకెళ్ళు."