ఆమెన్ అన్నా ఆగని పాట

ఆ రోజుల్లో సీడీ మీద ‘ఉచితం’ అని కనిపిస్తే చాలు, లోపలున్నది మన మంచి కోరేదేనని నమ్మేవాణ్ణి. గుంటూరులో కంప్యూటర్ కోర్సు అప్పుడే ముగించాను. మార్టూరు దగ్గర మా ఊరి చర్చిలో క్వయర్, అంటే పాటల బృందం, నడిపేది మా మావయ్య. పాటల స్వరాలు చేత్తో రాసి అందరికీ పంచేవాడు. చూపు తగ్గి రాత వంకర్లు పోతుంటే, గుంటూరు నుంచి కొత్త మాస్టారిని తెద్దామని సంఘ పెద్దలు గొణగడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే నాకు కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో స్వరాలు అచ్చువేసే ప్రోగ్రాం దొరికింది. దాని స్వాగతం విండోలో ఉన్న మాటలే మావయ్యకు అప్పజెప్పాను. “ఉచితం మావయ్యా. సంగీతం రాకపోయినా పర్లేదంట. క్షణాల్లో వచ్చేస్తదంట.” (ఆ విండో మూశాక ఎదురయ్యే ఖాళీ పేజీ సంగతి, అందులో మొదటి స్వరం పెట్టడానికి నేను పడ్డ పాట్ల సంగతి చెప్పలేదు.) “అయితే ఆదివారం అందరి ముందూ చూపించరా,” అన్నాడు.

ఆదివారం నా కంప్యూటర్‌ని చర్చి సౌండ్ బాక్సులకు కలిపారు. ఇంట్లో దానికి స్పీకర్లు లేవు. అందుకే, తెరవగానే కొత్తవాళ్ళ కోసం ఒక నమూనా పాట దానంతటదే మోగుతుందని నాకు తెలీదు. మోగింది. మా చర్చిలో వాయిద్యం మోగితే లేచి నిలబడటం అలవాటు. పాస్టరు అయ్యగారితో సహా అందరూ లేచారు. పాట అయిపోయింది, కూర్చోబోయారు. మళ్ళీ మొదలైంది, మళ్ళీ లేచారు. ఆపే బటన్ ఎక్కడా కనపడదు. ఏది నొక్కినా ‘మీకు తెలుసా?’ అంటూ ఇంకో విండో. ముందు వరసలో పెద్దలు నన్ను కాదు, మావయ్యను చూస్తున్నారు. ఆయన క్వయర్ నా చేతుల్లోనే పోయేలా ఉంది. అమ్మమ్మ ముసుగు సవరించుకుంటూ, “ఒరేయ్, దీనికి చరణాలెన్నిరా? నా మోకాళ్ళు పడిపోతన్నాయి!” అని అరిచింది.

మావయ్య క్వయర్ వైపు తిరిగి చెయ్యెత్తాడు. నమూనా పాట నడుస్తుండగానే, దాని మీదుగా అందరూ గొంతెత్తి “ఆమెన్” పాడారు. ఆమెన్ అయ్యాక మా వాళ్ళెవరూ నిలబడరు. చర్చి మొత్తం కూర్చుంది. మావయ్య నింపాదిగా వెళ్ళి ప్లగ్గు పీకేదాకా కంప్యూటర్ ఒక్కటే పాడుకుంది. “ఈ పని గుంటూరు మాస్టారికి చేతనయ్యేదా?” అన్నాడు పెద్దల్లో ఒకాయన. మావయ్య నా చెవిలో, “ముందు ఆపడం నేర్చుకుని రా. మొదలుపెట్టడం తర్వాత చూద్దాం,” అన్నాడు.

ఆ క్రిస్మస్‌కీ పాటలు ఆయన వంకర రాతలోనే వచ్చాయి. ఇప్పుడు నా ఉద్యోగం కొత్తవాళ్ళకు ప్రోగ్రాములు పరిచయం చెయ్యడం. ముందు ఆపే బటన్ చూపించి, ఆ తర్వాతే స్వాగతం చెబుతాను. చూపిస్తుంటే ఒక్కోసారి ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఆమెన్ అనగానే చర్చి అంతా కూర్చుంది గానీ, మౌస్ పట్టుకుని చెమటలు కక్కుతూ వాడొక్కడే ఇంకా నిలబడి ఉన్నాడు. కూర్చోరా అబ్బాయ్, అనాలనిపిస్తుంది.