కుండ మీద వణకని చేయి

మా ఇంట్లో పూతరేకుల కుండ ముందు కూర్చునేది మా పెద్ద తోడికోడలు. నేను అక్కా అని పిలుస్తాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, పక్కన గిన్నెలో నీళ్ళలాంటి బియ్యప్పిండి. గుడ్డ అందులో ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే రేకు పొరలా లేచి వచ్చేది. దాన్ని ఎత్తి పట్టుకుంటే అవతలి మనిషి మొహం కనపడేది. చక్కెర, నెయ్యి వేసి మడతలు పెట్టడం నా పని.

ముందు పోయింది వాసన. ఒకసారి నెయ్యి మాడుతుంటే నేను పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాను. ఆమె పొయ్యి పక్కనే ఉంది.

"ముక్కేమైనా అద్దెకిచ్చేసేవా అక్కా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అది జబ్బుకి మొదలని మాకేం తెలుసు!

తరవాత కుడిచేయి. టీవీ ముందు కూర్చుంటే చాలు, ఒళ్ళో వేళ్ళు వాటంతట అవే వణికేవి. అదే చేయి గుడ్డ పట్టుకోగానే కుదురుకునేది. దాంతో ఇంటిల్లిపాదీ ఒకటే అనుకున్నాం, పనే దానికి మందని.

"ఖాళీగా ఉంటే చేయి మొండికేస్తుందే, వెళ్ళి కుండ దగ్గర కూర్చో," అనేవారు మా అత్తగారు.

అక్క కూడా అదే నమ్మింది. "చూసేవా, కుండ మీద వణకట్లేదు. నాకేం లేదు," అని ఒంట్లో బాగోకపోయినా మంట రాజేసేది.

ఆ చేయి కుండ మీద వణకలేదు గానీ నెమ్మదించింది. లాగాల్సిన గుడ్డ సగంలో ఆగేది, రేకు మాడేది. మొహం కూడా కదలడం మానేసింది. "నా మీద కోపమా?" అంటే "లేదే" అనేది, అదే మొహంతో.

రాజమండ్రిలో నరాల డాక్టరు గారు ఆమెను నడిపించి, వేళ్ళు ఆడించి చూసి పార్కిన్సన్స్ అన్నారు.

"పని చేసేటప్పుడు వణకదండీ," అన్నారు మా బావగారు.

"ఈ జబ్బు తీరే అంతండి, చేయి ఊరికే ఉన్నప్పుడే వణుకుతుంది. మెదడులో కదలికలకి పనికొచ్చే కణాలు పోతున్నాయి."

అక్క ఒక్కటే అడిగింది: "మళ్ళీ రేకు తియ్యగలనాండీ?"

"పోయినవి తిరిగి రావమ్మా. మాత్రలు కొన్నాళ్ళు సాయపడతాయి."

సాయపడ్డాయి. మాత్ర వేసుకున్న కాసేపటికి చేయి వదులయ్యేది. ఆ వేళ చూసుకుని కుండ కింద మంట వెలిగించేవాళ్ళం. రానురాను ఆ వేళ కురచైపోయింది. కుండ కాగేలోపే మాత్ర బలం దిగిపోయేది. ఒకరోజు గుడ్డ పరిచిన చేతిని వెనక్కి తీసుకోలేకపోయింది. కాలుతున్నా రాలేదు. నేనే లాగాను. మొహంలో ఏమీ లేదు, కళ్ళ నీళ్ళు తప్ప.

ఇప్పుడు కుండ ముందు నేను, కుర్చీలో ఆమె. మొదటి రేకు తీసి చూపించినప్పుడల్లా "మందం" అనేది గొణుగుతూ. నిజమే, నా రేకులోంచి మొహాలు కనపడవు. ఈమధ్య ఆ మాటా రావట్లేదు. చెవి ఆమె నోటి దగ్గర పెట్టి వింటాను. ఊపిరి తప్ప ఏమీ వినపడదు.