పనికిరాదని నేనే రాసిన ప్లేటు

ఆ మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు బెజవాడ స్టేషను పార్సిలు ఆఫీసులో ఒక చెక్కపెట్టెకు సంతకం చేశాను. అందులో మా రికార్డింగు గదికి మద్రాసు నుంచి వచ్చిన పాతిక ఖాళీ ప్లేట్లున్నాయి. ఇన్వాయిసులో 'సరికొత్తవి' అని రాసి ఉంది. అక్కడి గుమాస్తా ప్రతి కాగితం మీదా గడియారం చూసి టైము వేస్తాడు కనుక గంట కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది.

నేను హైస్కూల్లో సైన్సు మేష్టర్ని. మా వీధిలో ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు జ్వరం ఉందేమో చూడండి అని చెప్పేవాణ్ణి. ఇప్పటికీ అదే చెబుతాను. నా నమ్మకాలు మారి ఇది రాయటం లేదు. జరిగినదానికి తలా ఒక కథ కల్పించి చెప్పుకుంటున్నారు. ఆ కోపంతో, నాకు తెలిసినంతవరకు నేనే రాసి పెడుతున్నాను.

గది పెట్టాలన్న ఆలోచన నా భార్య తమ్ముడు నరసింహానిది. గవర్నరుపేటలో రేడియోలు బాగుచేసేవాడు. యుద్ధం ముగిశాక సామాను దొరకటం మొదలైంది. ప్లేట్లు కోసే మిషను మద్రాసులో మూతబడ్డ ఒక స్టూడియోది. ఆంప్లిఫయరు మిలిటరీ వేలంలో దొరికింది. దాని వెనక ఎవరో సోల్జరు మేకుతో గీసుకున్న పేరు కూడా ఉంది. మైకు ఒక్కటే కొత్తది. గోడలకు గోనెపట్టాలు, పాత బొంతలు కొట్టాం.

ప్లేటంటే అల్యూమినియం రేకు మీద నల్లటి పూత. మనిషి మాట్లాడుతుంటే మిషను ముల్లు ఆ పూతలో గాడి కోస్తుంది. వెంటనే వేసుకుని వినవచ్చు. పూత మెత్తన కనుక విన్నకొద్దీ గాడి అరిగిపోతుంది. రేకు కరువు కాబట్టి పాడైన ప్లేట్లు తిరిగి పంపితేనే కొత్తవి ఇస్తానని మద్రాసు షావుకారు షరతు. అందుకని పాడైనదాని లేబులు మీద ఎర్ర సిరాతో 'పనికిరాదు' అని రాసి వాపసు పెట్టెలో వేసేవాళ్లం. రాయటం నా వంతు.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. కొత్త మైకు చాలా చురుకైనది. గాజు కదిలితే గిన్నె కిందపడ్డట్టు వినిపించేది. పాడటానికి వచ్చిన ముత్తైదువలను గాజులు తీయమని అడగలేం. అందుకని గాజుల మీదుగా చేతిరుమాలు బిగించి కట్టేవాళ్లం.

మిషను బిగించాక మొదట పాడింది నా భార్య కమల. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒక జోలపాట. పాట ఎత్తుకునే ముందు తొడ మీద మూడుసార్లు తట్టి తాళం చూసుకోవటం ఆమె అలవాటు. రుమాలు కట్టుకోవటం మరిచిపోయింది. గాజులు రెండుసార్లు మోగాయి. మూడోసారి మోగుతుండగానే నరసింహం "అక్కా, గాజులు!" అని కేకేశాడు. ఆమె నవ్వేసింది. నవ్వుతూనే రెండు చరణాలు పాడింది.

ప్లేటు వేసి విన్నాం. నాకు నచ్చలేదు.

"గాజులు మోగితే ఏమైందండీ? ఆడదాని పాటే కదా," అంది కమల. "మీ నోటితో ఒక్కసారి బాగుందంటే మీ సొమ్మేం పోతుంది?"

వచ్చే ఆదివారం సరిగ్గా తీద్దాం అన్నాను. లేబులు మీద 'కమల – పనికిరాదు' అని రాశాను. తేదీ వేశాను. పెట్టెలో వేస్తుంటే నరసింహం చేతిలోంచి జారి దాని అంచు సొట్టపడింది. మర్నాడే ఆ పెట్టె మద్రాసు వెళ్లింది.

ఆదివారం ఆమెకు జ్వరం. టైఫాయిడ్ అన్నారు. ఇరవై మూడో రోజున పోయింది.

పదకొండో రోజు దాటాక నాకు ప్లేటు గుర్తొచ్చింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. షావుకారుకు ఉత్తరం రాశాను: ఫలానా ప్లేటు, ఫలానా లేబులు, అంచు సొట్ట, నా భార్య చనిపోయింది, ఎంతైనా ఇస్తాను, తిరిగి పంపండి. వారానికి కార్డు వచ్చింది: 'మీ ప్లేట్లు వచ్చిననాడే గీకివేసితిమి. చింతిస్తున్నాము.' నమ్మాను. అచ్చులో చదివినదాన్ని సందేహించే నేను ఆ కార్డును ఎందుకు నమ్మానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తరవాత నెలన్నరకు వచ్చింది ఈ మంగళవారం పెట్టె.

ఆ మధ్యాహ్నం మంగళగిరి నుంచి ఒక చీరల వ్యాపారి వచ్చాడు. తిరునాళ్లలో లౌడుస్పీకరు మీద వినిపించటానికి తన సరుకు గురించి మాట్లాడి ప్లేటు చేయించుకోవాలని. గదిలో మేం ముగ్గురమే. తలుపు గడియ వేసి ఉంది. వ్యాపారి చేతికి వాచీ కూడా లేదు. కొత్త పెట్టెలోంచి మొదటి ప్లేటు తీసి కోశాం, వెంటనే వేసి విన్నాం.

వ్యాపారి మాటకు ముందు గాజులు మోగాయి. మూడుసార్లు. ఆ తరవాత పాట ఎత్తుకునే ముందు ఆడమనిషి తీసుకునే ఊపిరి. ఆ వెంటనే వ్యాపారి: "అమ్మలారా, అక్కలారా!"

నరసింహం ప్లేటు మీంచి ముల్లు ఎత్తేశాడు.

"ఇదేంటండీ!" అన్నాడు వ్యాపారి. "నేను చీరలమ్మేవాణ్ణా, గాజులమ్మేవాణ్ణా? మాకు వద్దీ ప్లేటు. ఇంకోటి తియ్యండి."

ఇంకోటి తీశాం. అందులో గాజులు లేవు. అతను అది తీసుకుని సంతోషంగానే వెళ్లాడు. మొదటిది మా దగ్గర ఉండిపోయింది.

నాకు భయం వేయలేదు. ఒళ్లు మండింది. సంగతి స్పష్టంగానే ఉందనుకున్నాను. షావుకారు మా పాత ప్లేట్లనే సగం గీకి, పైన పూత పూసి, సరికొత్తవని మాకే అమ్మాడు. కమల గాడి కింద మిగిలిపోయింది. ఆ రాత్రే నేనూ నరసింహం మద్రాసు రైలెక్కాం.

ఒంగోలు దాటాక నాకు తట్టింది. పాత ప్లేటులో మూడో చప్పుడు మీద నరసింహం కేక ఉంది. దీనిలో కేక లేదు. మూడు చప్పుళ్లూ పూర్తిగా ఉన్నాయి. నరసింహానికి చెప్పాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకు అక్కడే తెలిసింది బావా," అన్నాడు.

షావుకారు దుకాణం వెనక పెరడు ఉంది. మోటారుకార్లకు రంగులు వేసే మనిషి ఒకడు ప్లేట్లకు పూత కొడుతున్నాడు. ఇద్దరు కూలీలు పాతవాటిని గీకుతున్నారు. కొత్తవన్న ప్లేట్లు అక్కడే తయారవుతున్నాయి.

"సరికొత్తవని రాశారు కదండీ?" అన్నాను.

"పూత సరికొత్తదే కదా మేష్టారూ! పాత మనిషి కొత్త చొక్కా తొడుక్కుంటే తప్పా?" అన్నాడు షావుకారు.

"తొడుక్కోవచ్చండీ," అన్నాడు నరసింహం. "నిన్ననే పుట్టానని చెప్పుకోకూడదు."

మా వాపసు పెట్టె పెరట్లోనే ఉంది, మా గది పేరు కనిపిస్తూనే ఉంది. సగానికి పైగా ప్లేట్లు ఇంకా గీకకుండా అందులోనే ఉన్నాయి. వచ్చిననాడే గీకేశామన్నవి. పక్కన గోడకు ఆనించిన వరసలో, తళతళలాడుతున్న ఒక ఉత్త రేకు. మధ్యలో లేబులు. నా చేతిరాత. అంచున సొట్ట.

గీకిన కూలీని పిలిచి అడిగాను. పాపం, అతనికి ఏం తెలుసు? "ఇది నిన్న, మంగళవారం గీకిందండి. పొద్దున టీ తాగొచ్చి మొట్టమొదట తీసింది ఇదే," అన్నాడు.

మూడు నెలలు. మూడు నెలలపాటు ఆమె గొంతు ఆ పెరట్లో చెక్కుచెదరకుండా పడి ఉంది. ఒక్కసారి పెట్టె మూత ఎత్తి చూడటానికి బద్ధకించి ఆ మనిషి 'చింతిస్తున్నాము' అని రాశాడు. మొహం మీదే అడిగితే, "రోజుకి ఎన్ని ఉత్తరాలు వస్తాయి మేష్టారూ, ఎవరి ప్లేటని వెతకమంటారు?" అన్నాడు. అతన్ని నేను కొట్టలేదు. కొట్టి ఉండవలసిందని ఇప్పుడు అనిపిస్తుంది. లేబులు మీద మాట రాసింది నేను కనుక నా చెయ్యి లేవలేదు.

ఉత్త రేకును ఇంటికి తెచ్చుకున్నాం.

అప్పటి నుంచీ వివరణలు వింటున్నాను. ఆంప్లిఫయరు అమ్మినవాడు మైకుది తప్పంటాడు. మైకు అమ్మినవాడు గది సరిగా కట్టలేదంటాడు. షావుకారు, అది వేరే ఊరి ప్లేటు, వేరే ఎవరో ఆడమనిషి గాజులు అని రాశాడు. అయితే కావచ్చు. కానీ ఆ ప్లేటు పూత ఒక అంచున గోటితో లేపి భూతద్దంతో చూశాను. కింద నున్నటి రేకు తప్ప ఏ గాడీ లేదు. రెండో చప్పుడుకూ మూడోదానికీ మధ్య కమల కొంచెం ఆగేది. ప్లేటులోనూ ఆ ఆగటం ఉంది. నిమ్మకాయలు పట్టుకుని గది శుభ్రం చేస్తామని వచ్చినవాళ్లనూ, ఒకసారి వినిపించండని చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చినవాళ్లనూ గుమ్మంలోంచే పంపేశాను.

మంగళవారం పొద్దున మద్రాసులో గీకినది మధ్యాహ్నం బెజవాడలో ఎలా మోగిందో నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లకూ తెలియదు. ఆ ప్లేటును మొత్తం నాలుగుసార్లు విన్నాను. నాలుగోసారి మొదటి చప్పుడు కొంచెం అరిగినట్టు అనిపించి, గుడ్డలో చుట్టి లోపల పెట్టాను.

గది ఇంకా నడుస్తోంది. నరసింహం చూసుకుంటున్నాడు. పాడటానికి వచ్చిన ఆడవాళ్లు చేతులు ముందుకు చాపి రుమాలు ఏదని అడుగుతారు. అక్కర్లేదమ్మా, పాడండి అంటాడు. మా గదిలో ఇప్పుడు ఎవరి గాజులకూ గుడ్డ కట్టటం లేదు.